వజ్రకేతు ఓడ ఎక్కిన సహోదరి

నందిగామ
18 నవంబరు 2024

కృపా,

ఈ రోజుల్లో ఉత్తరమేంటి అనుకుంటున్నావు కదూ? నీకు ఫోన్ చేస్తే మా తమ్ముడు స్పీకర్ పెట్టించి పక్కనే కూర్చుంటాడు. వరప్రసాదరావు నా చేతుల్లో పెరిగినవాడే, కాదనను. కానీ వాడు చర్చిలో సంఘ పెద్ద అయిన దగ్గర్నుంచి వాడితో మాట్లాడుతుంటే ప్రసంగం వింటున్నట్టుంటోంది. అందుకే ఇది మీ స్కూలు అడ్రసుకి పంపిస్తున్నా. ఇంటర్వెల్లో చదువుకో.

నిన్న నీ ఫోన్‌కి ఒక ఫోటో పంపా. చూసి నవ్వుకునే ఉంటావు. నీకొక్కదానికే పంపా. దాని కథ చెప్తా విను.

శనివారం కంటి డాక్టరుకి చూపించుకుని బెజవాడ నుంచి బస్సులో వస్తున్నా. కంచికచర్ల దాటాక హైవే పక్కన కొత్తగా ఒక పార్కు వెలిసింది. పేరు ‘వజ్రకేతు లోకం’. వజ్రకేతు అంటే అదేదో సినిమా అట, నాలుగు భాగాలు వచ్చాయట. మన సంఘంలో పుట్టినవాళ్ళం సినిమాలు చూడం. అరవయ్యో ఏడు నడుస్తోంది, ఇంతవరకు హాలు గుమ్మం తొక్కలేదు నేను. ఆ వజ్రకేతు ఎవడి కొడుకో తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. కానీ బస్సు ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఆ గోడ మీదుగా ఒక పెద్ద ఓడ పైకి లేచింది. నిండా మనుషులు. అందరూ ఒకే గొంతుతో కేక పెట్టి కిందకి జారిపోయారు. మళ్ళీ లేచారు. నేను బ్యాగు తీసుకుని దిగిపోయా.

“నందిగామ టికెట్టు కదమ్మా?” అన్నాడు కండక్టరు.

“ఇక్కడ పనిబడింది నాయనా” అన్నా.

లైన్లో నా ముందున్న పిల్ల వజ్రకేతు బొమ్మున్న టీషర్టు వేసుకుంది. “ఆంటీ, మీకే పార్టంటే ఇష్టం?” అంది. ఏదీ చూళ్ళేదన్నా. నన్ను ఎగాదిగా చూసి, “అసలు సినిమానే చూడకపోతే ఎందుకొచ్చారండి మరి?” అంది. ఒళ్ళు మండింది. “బస్సెక్కాలంటే డ్రైవరు మనకి చుట్టమవ్వాలా అమ్మా?” అన్నా. వెనక ఎవరో నవ్వారు.

ఓడెక్కా కృపా. పైకెళ్ళి ఒక్క క్షణం ఆగుతుంది చూడు, అక్కడ కడుపులో ఏదో తేలిపోయింది. గట్టిగా అరిచా. ముప్పై నాలుగేళ్ళు చందర్లపాడు బళ్ళో పిల్లల్ని “అరవకండ్రా” అని అరిచిన గొంతే, కానీ అది నా గొంతులా లేదు. దిగి మళ్ళీ టికెట్ తీసుకున్నా. తర్వాత గుహలోకెళ్ళా. రాక్షసుడు నోరు తెరిచి మూయలేక అలాగే ఉండిపోయాడు, మోటారు చెడిందట. పడీపడీ నవ్వా. బయటికొస్తే ఒక సింహాసనం. ఎవరో అట్ట కిరీటం పెట్టి, చెక్క కత్తి చేతికిచ్చి ఫోటో తీశారు. అదే నువ్వు చూసింది.

పెళ్ళీ పెటాకులూ లేవు, రిటైరై ఇంట్లో కూర్చున్నా, ఇంక నాకు కొత్తగా జరిగేదేముంటుంది అనుకునేదాన్ని. తప్పు. బుధవారం మళ్ళీ వెళ్తున్నా. నువ్వూ వస్తావా?

రోజా వదిన


జగ్గయ్యపేట
5 డిసెంబరు 2024

వదిన గారికి వందనాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివానండి. రాక్షసుడి నోరు దగ్గర పిల్లల ముందే నవ్వొచ్చేసింది. నేను మాత్రం రాలేను. నాకు ఉయ్యాలెక్కితేనే కళ్ళు తిరుగుతాయి, ఆ ఓడ చూస్తేనే వాంతొస్తుంది.

కానీ నవ్వే సంగతి కాదిప్పుడు. ఆ ఫోటో పెద్దల దాకా వెళ్ళింది. ఎట్లా వెళ్ళిందో నాకు తెలీదు. మన రెండు సంఘాలకీ పెద్దాయన కొండలరావు గారు మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఈయన్ని పక్కకి పిలిచి ఫోన్లో చూపించారు. “సండే స్కూలు చెప్పే సహోదరి, సంఘ పెద్దకి సొంత అక్క, సినిమా కిరీటం పెట్టుకుని కూర్చుంటే ఇంక పిల్లలకేం చెప్తాం?” అన్నారట. ఈయన ఇంటికొచ్చి అన్నం తినలేదు.

మీ ఇంటికి వస్తారు వదినా, అడగటానికి. నేను చేతులెత్తి దణ్ణం పెడుతున్నా, వాదన పెట్టుకోకండి. మీరు సినిమా చూళ్ళేదని నాకు తెలుసు. కానీ తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా. “తెలియక వెళ్ళాను, క్షమించండి” అని ఒక్క మాట అంటే పోతుంది. పోయేదేముందండి? అనకపోతే ప్రభువు బల్లకు దూరం పెడతారు, రొట్టె ముట్టనివ్వరు. ఇరవై ఆరేళ్ళుగా చెప్తున్న సండే స్కూలు తీసేస్తారు. ఆదివారం రొట్టె, పాత్ర మీకెంత ప్రాణమో నాకు తెలీదా? జ్వరంతో ఉన్నా ఆటో కట్టించుకుని వెళ్ళేవారు.

మీరు మళ్ళీ వెళ్ళొద్దు. వెళ్ళినా ఫోటోలు తీయించుకోవద్దు. తీయించుకున్నా నాకు పంపొద్దండి.

మీ
కృపాజ్యోతి


నందిగామ
30 డిసెంబరు 2024

కృపా,

వచ్చారు. కొండలరావు గారు, మా వరం, ఇద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు. నేను నిలబడ్డా. నా ఇంట్లో నేను నిలబడ్డా చూడు!

“ఎన్ని భాగాలు చూశావమ్మా?” అని మొదలుపెట్టారు కొండలరావు గారు.

“ఒక్కటీ చూళ్ళేదండి.”

“చూడకుండా ఎవరైనా వెళ్తారా అమ్మా అక్కడికి? ఇష్టం లేందే అంత దూరం పోయి ఆ ఆటలాడతారా?”

“ఓడంటే ఇష్టమండి. సినిమా సంగతి నాకు తెలీదు.”

అదిగో, ఆ మాట ఆయనకి ఎక్కదు. ఆ లైన్లో పిల్లకీ ఎక్కలేదు, ఈ పెద్దాయనకీ ఎక్కలేదు. ఆ వజ్రకేతుకి భక్తురాలివైతేనే నీకక్కడ పని అంటుంది ఆ పిల్ల. అక్కడికెళ్ళావు కాబట్టి వాడికి భక్తురాలివే అంటాడు ఈయన. నా సంతోషం నాది అంటే ఇద్దరికీ కోపమే.

అప్పుడు మా తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. “అబద్ధమాడకక్కా. నువ్వు కూర్చున్నది తామ్రాక్షి సింహాసనం. మూడో భాగంలో ఆవిడ చచ్చిపోయేముందు కత్తి ఎడంచేతికి మార్చుకుంటది. ఫోటోలో నువ్వూ ఎడంచేత్తోనే పట్టుకున్నావు. సినిమా చూడకపోతే నీకెట్లా తెలుసది?”

కొండలరావు గారు “ఆఁ, చెప్పమ్మా” అన్నారు, దొంగ దొరికినట్టు.

“కుడిచేతిలో హ్యాండుబ్యాగు ఉందిరా” అన్నా.

అని, వాడి మొహంలోకి చూశా. చెవులు ఎర్రబడ్డాయి. నీకెట్లా తెలుసు అని నన్నడిగాడే, మరి వాడికెట్లా తెలుసు? కొండలరావు గారికి తట్టలేదు. నాకు తట్టింది. నాలుక చివరిదాకా వచ్చింది కృపా. ఆపుకున్నా. ఎందుకాపుకున్నానో నాకే తెలీదు.

తీర్పు చెప్పారు. ఫిబ్రవరి రెండో తారీఖు ఆదివారం పేటలో మీ సంఘం, మా సంఘం కలిసి చేసే ఆరాధనలో నేను నిలబడి తప్పొప్పుకోవాలి. “అడుసు తొక్కనేల, కాలు కడగనేల అమ్మా” అన్నారు పోతూ పోతూ. అప్పటిదాకా వెనక బెంచీ. బల్ల లేదు. సండే స్కూలు నా దగ్గరే చదువుకున్న పిల్ల, బేబికి అప్పగించారు.

నిన్న ఆదివారం వెళ్ళా. వెళ్ళకుండా ఉంటాననుకున్నారేమో. మన పద్ధతి నీకు తెలిసిందే, రొట్టె పళ్ళెం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వెళ్తుంది. నా పక్కన కూర్చున్నావిడ నా ఒడి మీదుగా చెయ్యి చాచి అటు పక్కావిడకి ఇచ్చింది. నా వైపు చూళ్ళేదు. పద్దెనిమిదో ఏట బాప్తిస్మం తీసుకున్న దగ్గర్నుంచి ఆ పళ్ళెం నన్ను దాటిపోవటం ఇదే మొదటిసారి. ఆకలేసినట్టు ఏడుపొచ్చింది. మింగేశా.

ఒక్కటి సూటిగా అడుగుతున్నా. మా తమ్ముడు ఆ సినిమాలు చూశాడా? నీకు తెలుసా?

రోజా వదిన


జగ్గయ్యపేట
11 జనవరి 2025

వదిన గారికి,

పది రోజులుగా రాస్తున్నా, చింపేస్తున్నా. ఇంక దాచను.

చూశారండి. నాలుగు భాగాలూ. డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన కుర్చీ వేసుకుని, చెవుల్లో అవి పెట్టుకుని. వాక్యం వింటున్నా అంటారు. ఒకరోజు బట్టలు తీయటానికి పైకెళ్తే ఆయన ఏడుస్తున్నారు. ప్రార్థనలో ఉన్నారనుకుని కిందకి వచ్చేశా. తర్వాత ఆ ఫోన్లో చూస్తే ఆ తామ్రాక్షి చచ్చిపోయే చోట ఆగి ఉంది. నేనేమీ అనలేదు. మన ఆడవాళ్ళం ఏమంటామండి?

రెండో సంగతి ఇంకా చెప్పలేనిది. ఆ ఫోటో ఎట్లా వెళ్ళిందో తెలీదని రాశా. అబద్ధం. నేనే చూపించా. చాడీ చెప్పాలని కాదు, మీ మీద ఒట్టు. మీరు ఆ కిరీటంలో అంత నవ్వుతుంటే, మిమ్మల్నట్లా నేనెప్పుడూ చూళ్ళేదని సంబరపడి, “చూడండి మీ అక్కని!” అని ఈయనకి చూపించా. ఆయన నవ్వలేదు. భోజనం అయ్యాక నా ఫోన్ తీసుకుని, నేనే పంపినట్టు కొండలరావు గారికి పంపారు. ఎందుకు పంపారో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడర్థమవుతోంది. తన తప్పు ఇంకొకరి మీద కనపడేసరికి, గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ముందు తనే కేకేశారు.

నన్నేమన్నా అనండి, పడతా. కానీ రెండో తారీఖున ఆయన పేరెత్తకండి వదినా. పెద్దరికం పోతే ఆయన ఊళ్ళో తిరగలేరు. తలదించుకుని ఇంట్లో కూర్చుంటే ఆ కోపమంతా ఎవరి మీద పడుతుందో మీకు చెప్పక్కర్లేదు. మీరు క్షమాపణ అడగండి, అడగకపోండి, అది మీ ఇష్టం. ఈ ఒక్కటీ దాచండి.

కృప


నందిగామ
20 జనవరి 2025

కృపా,

నీ మీద కోపమొచ్చింది. రెండు రోజులుంది. మూడో రోజు పార్కుకెళ్ళి ఓడెక్కా, తగ్గింది. ఇది నాలుగోసారి. టికెట్లిచ్చే ఆవిడ ఇప్పుడు నన్ను పేరు పెట్టి పిలుస్తోంది.

సంబరపడి చూపించావు. దాన్ని తప్పంటే ఇంక నేనూ కొండలరావు గారూ ఒకటే. వదిలెయ్.

వరం పేరు నేనెత్తను. నీకోసం కాదు, వాడి కోసం అసలే కాదు. వాడు చూసిందేదో వాడే చెప్పుకోవాలి. నేను చెప్తే అది నా మీద పడ్డ బురద వాడి మీదకి తోయటమవుతుంది. ఆ పని వాడు చేశాడు, చాలు. ఇంకో మాట చెప్తా, నవ్వకు. ఆ డాబా మీద వాడు ఏడ్చిన సంగతి చదివి నాకు వాడి మీద జాలేసింది. వాడికి ఆ సినిమా అంత ఇష్టమన్నమాట! నాకు ఓడ ఇష్టమైనట్టు. నాకేమో వెలుగులో అరవటానికి ధైర్యముంది, వాడికి ట్యాంకు పక్కన కూడా చప్పుడు చేసే ధైర్యం లేదు.

కానీ క్షమాపణ అడగను. నాలుగు వారాలుగా వెనక బెంచీ మీద కూర్చుని ఆలోచించా. ఒక్క మాట అంటే పోయేదేముంది అని రాశావు నువ్వు. పోయేదుంది. “నేను పాపం చేశా” అని అక్కడ నిలబడి చెప్తే, ఆ ఓడ మీద నేను పడ్డ సంతోషం పాపమైపోతుంది. ఆ కేక పాపమైపోతుంది. నాకు రొట్టె కావాలి. ఎంత కావాలో ఆయనకి తెలుసు, పైన ఉన్నాయనకి. కానీ అబద్ధం చెప్పి తెచ్చుకున్న రొట్టె గొంతు దిగుతుందా?

ఇంకో తమాషా చూశావా? మన ఆరాధనలో ఆడవాళ్ళు నోరు విప్పకూడదు. నలభై ఏళ్ళుగా ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. ఇప్పుడు లేచి మాట్లాడు తల్లీ అని వాళ్ళే పిలుస్తున్నారు. సరే. మాట్లాడతా.

రోజా వదిన


నందిగామ
3 ఫిబ్రవరి 2025

కృపా,

నిన్న నీకు చెప్పకుండా వచ్చేశా, ఏమనుకోకు. అనాల్సింది అన్నాక కొండలరావు గారు “కూర్చోమ్మా” అన్నారు కదా. ఇవ్వని బల్ల ముందు కూర్చోవటమెందుకు? చెప్పులేసుకుని బస్టాండుకి నడిచా.

ధైర్యంగా ఉన్నాననుకునేవు. బస్సులో నందిగామ వచ్చేదాకా ఏడ్చా. పక్కసీట్లో వత్సవాయి ఊరావిడ “ఎవరన్నా పోయారామ్మా?” అని కొంగు అందించింది. అన్న మాటకి ఏడవలేదు. ఆ మాట మళ్ళీ అడిగినా అంటా. బల్ల పోయినందుకే ఏడ్చా. ఇంక నన్ను లోపలికి రానివ్వరు.

నీ ఇంట్లో ఎట్లా ఉంది? నా వల్ల నీకేమన్నా ఇబ్బందైతే దాచకుండా రాయి.

రోజా వదిన


జగ్గయ్యపేట
6 ఫిబ్రవరి 2025

వదినా,

మీరు వెళ్ళాక ఏం జరిగిందో మీకెవరూ చెప్పలేదని మీ ఉత్తరం చూస్తే తెలిసింది. చెప్తా.

మీరన్న మాటలు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. “ఆ సినిమా చూళ్ళేదు, చూడాలనీ లేదు. ఆ పార్కుకి నాలుగుసార్లు వెళ్ళా, సంతోషపడ్డా. చేయని తప్పు చేశానని దేవుని ముందు అబద్ధం చెప్పలేను. సంతోషపడ్డందుకు క్షమాపణ అడగలేను.” అంతే. గొంతు పెంచలేదు మీరు. మీ చెప్పుల చప్పుడు గేటు దాకా వినపడింది.

కొండలరావు గారు ఏమీ జరగనట్టు పాటెత్తుకున్నారు. రొట్టె విరిచారు. ఆడవాళ్ళ వైపు పళ్ళెం తెచ్చేది ఈయనే కదా. మొదటి వరసలో చివరన నేనున్నా. నా చేతికిచ్చారు.

పట్టుకున్నా. అందులో ముక్కలు చూశా. ఎదురుగా ఈయన మొహం. ఆయన అప్పటికే తీసుకున్నారు, నేను చూశా. నాలుగు భాగాలూ చూసిన చెయ్యి తీసుకుంది. ఒక్కటీ చూడనామె బస్టాండులో నిలబడింది. నేను తీసుకోలేదు. పక్కనున్న బేబికి అందించా.

బేబి నా వైపు చూసింది. మీ సండే స్కూల్లో చదువుకుని, మీ క్లాసే ఇప్పుడు చెప్తున్న పిల్ల. అదీ తీసుకోలేదు. పక్కకిచ్చింది. నేను ఎవరికీ చెప్పలేదు, సైగ కూడా చేయలేదు, ఒట్టు. రెండో వరసలో ఇద్దరు ముసలాళ్ళు తీసుకున్నారు, వాళ్ళననకూడదు. మిగతా వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పక్కకి ఇచ్చేస్తూనే ఉన్నారు. ఎవరూ నోరు విప్పలేదు. మనకు నోరు లేదు కదా, పళ్ళెమే వెళ్ళింది. దాదాపు వెళ్ళినంత నిండుగా తిరిగొచ్చింది.

కొండలరావు గారు అది చూసి, “ఏంటమ్మా ఇది? ఎవరు చెప్పారు మీకు?” అన్నారు. ఆయన ఈయన వైపు తిరిగారు. “ఏం వరప్రసాదూ, మీ ఆవిడే మొదలుపెట్టింది. కనుక్కోవయ్యా.”

ఈయన పళ్ళెం పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. నా వైపు చూశారు. నేను చూపు తిప్పుకోలేదు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళలో ఆయన చూస్తే నేను తల దించుకోకపోవటం అదే మొదలు.

“ఆమెనేమీ అడగొద్దండి” అన్నారు. “నాలుగు భాగాలూ చూశానండి నేను. మూడోది రెండుసార్లు చూశా. మా అక్క ఒక్కటీ చూళ్ళేదు.”

పళ్ళెం బల్ల మీద పెట్టి, నడుచుకుంటూ పోయి ఆఖరి బెంచీ మీద కూర్చున్నారు. ముగింపు ప్రార్థన ఎవరు చేశారో కూడా గుర్తులేదు.

ఇప్పుడు ఇంట్లో ఆయన నాతో మాట్లాడట్లేదు. పెట్టింది తింటున్నారు, పెట్టకపోతే అడగట్లేదు. నేను భయపడిన కోపం ఇంకా రాలేదు. వస్తుందేమో. వస్తే రానివ్వండి. నిన్న పెద్దలు కబురు చేశారు, నేనూ నిలబడి తప్పొప్పుకోవాలట, బేబి కూడానట. కుదరదని చెప్పి పంపా. ఈ మాట రాస్తుంటే నాకే నమ్మకం కలగట్లేదు, ‘కుదరదు’ అన్నది నేనేనా అని.

నాకు ఆ పార్కంటే ఇప్పటికీ పడదు వదినా. నన్ను ఓడెక్కించాలని చూడకండి. మీకిష్టమైంది నాకూ ఇష్టమవ్వాలని లేదుగా? మీరు మాత్రం మానకండి.

వచ్చే ఆదివారం ఫస్టు బస్సుకి నందిగామ వస్తున్నా. బేబి కూడా మీ ఇంటికే వస్తానంది. తెల్లచీర కట్టుకుని తయారుగా ఉండండి, మందిరానికి కలిసే వెళ్దాం. రానివ్వరని రాశారు. గుమ్మం దగ్గర ఆపితే ముగ్గుర్నీ ఆపాలి. వెనక బెంచీ మీద కూర్చోం. ముందు వరసలో మధ్యన మిమ్మల్ని కూర్చోబెట్టి, మేం చెరో పక్కనా కూర్చుంటాం. పళ్ళెం ఎటు నుంచి వచ్చినా, మిమ్మల్ని దాటి ముందుకి పోదు.

మీ కృప